పరుగులో మనము దాటిపోవుచున్న వారెవరు?

ఈ పేజీ తెరిచి కూర్చున్న మిమ్మును చూచి సంతోషిస్తున్నాము. "కూర్చున్న" అనే మాట తెలిసే వ్రాశాము. పత్రిక ఇంటికి వచ్చినా కూర్చొని చదివే తీరిక కొద్ది ఇండ్లలోనే మిగిలి ఉన్నది. చాలామంది నిలబడి పేజీలు తిరగవేసి, "తరువాత చూద్దాములే" అని బల్లమీద పెడతారు. ఆ తరువాత దానిమీద కూరగాయలు తరుగుతారు.

ఇదివరకు మన గ్రామములలో ఇద్దరు ఎదురుపడితే, "ఎక్కడికి? పిల్లలు ఎట్లా ఉన్నారు? అమ్మకు జ్వరము తగ్గిందా?" అని అడిగేవారు. జవాబు చెప్పేదాకా నిలబడేవారు. ఇప్పుడు ప్రశ్న అడిగినవారే జవాబు రాకముందే బండి స్టార్టు చేస్తున్నారు. "బిజీ" అనే ఇంగ్లీషు మాటకు తెలుగు వెదకే పని కూడా లేకుండా పోయింది. "మావాడు బిజీ అండీ, ఫోను ఎత్తడు" అని తొంబది ఏండ్ల అవ్వ కూడ చెప్పుచున్నది. పాత ఇండ్లకు వీధివైపు అరుగు ఉండేది. దారినపోయేవాడు కాసేపు దానిమీద కూర్చునేవాడు. కొత్త ఇండ్లకు గేటు ఉన్నది గాని అరుగు లేదు.

కాలము మారిందని నిందించుటకు మేము ఇది వ్రాయడము లేదు. పాతకాలములో జబ్బుచేసినవారిని ఎద్దుబండిమీద పట్నము తీసికొని వెళ్ళేసరికి ప్రాణము పోయిన ఇండ్లు మనకు తెలుసు. త్వరగా వెళ్ళగలుగుట దేవుడిచ్చిన మేలే. అయితే ఇంత త్వరగా వెళ్తూ మనము ఎవరిని దాటిపోవుచున్నాము? ఈ నెల ఈ ఒక్క ప్రశ్న మీ ముందు పెట్టుచున్నాము.

గడియారము మన ఇంటికి వచ్చిన విధము

మన పెద్దలకు కాలము తెలియదనుకోకండి. వారు దినమును 60 ఘడియలుగా లెక్కించేవారు. ఒక ఘడియ అంటే మన 24 నిమిషములు. మూడు గంటలు ఒక జాము, ఎనిమిది జాములు ఒక దినము. అయితే వాడుకలో వారు పనినిబట్టి వేళను చెప్పేవారు. కోడికూసే వేళ, పొద్దు బారెడెక్కిన వేళ, పశువులు ఇంటికి మళ్ళే వేళ, దీపాలు పెట్టే వేళ. ఆ మాటలలో మనుష్యులూ పశువులూ సూర్యుడూ కలిసి ఉండేవారు.

తరువాత రైళ్ళు వచ్చాయి. రైలు ఎవరి కొరకు ఆగదు గనుక ఊరూరికి ఒక సమయము ఉంటే కుదరలేదు. మన దేశములో రైళ్ళు చాలాకాలము మద్రాసు సమయమును అనుసరించి నడిచాయి. 1906 జనవరి 1వ తేదీనుండి దేశమంతటికి ఒకే సమయము ఏర్పడినది. అది మద్రాసు సమయముకంటె దాదాపు 9 నిమిషములు ముందు. అంతకుముందు ఎవరికి పట్టని ఆ 9 నిమిషములు అప్పటినుండి లెక్కలోనికి వచ్చాయి.

తరువాత పెండ్లికుమారునికి చేతి గడియారము పెట్టే ఆచారము వచ్చింది. 1995లో మన దేశములో మొదటి సెల్‌ఫోను సంభాషణ జరిగింది. 2016 తరువాత చవుకగా ఇంటర్నెట్టు దొరుకుటచేత, పొలము గట్టుమీద ఉన్నవాని జేబులోనికి కూడ ప్రపంచమంతా వచ్చి కూర్చున్నది. గడియారము మనలను తొందరపెట్టింది. ఫోను అయితే మనలను ఉన్నచోట ఉండనీయడము లేదు. శరీరము ఇంట్లో ఉంటుంది, మనస్సు వేరొక ఊరిలో తిరుగుతుంది. పక్కన కూర్చున్న మనిషి ఒంటరివాడవుతాడు.

దైవజనుల శిక్షణాశాలలో జరిగిన పరీక్ష

దీనినిగూర్చి అమెరికాలో ఒక పరీక్ష జరిగింది. వాక్యసేవలో ఉన్నవారందరు దానిని తెలిసికొనవలెను. జాన్ డార్లీ, డేనియల్ బాట్సన్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రజ్ఞులు ప్రిన్స్‌టన్ వేదాంత కళాశాల విద్యార్థులను పరీక్షించి, 1973లో ఆ ఫలితములను ప్రచురించారు. రేపు సేవకులు కాబోవు 40 మంది విద్యార్థులు అందులో లెక్కకు వచ్చారు.

ఒక్కొక్కరిని పిలిచి, పక్క భవనములోనికి వెళ్ళి కొద్ది నిమిషములు మాట్లాడవలెనని చెప్పారు. కొందరికి మంచి సమరయుని ఉపమానము ఇచ్చారు. మిగిలినవారికి వేదాంతము చదివినవారికి దొరికే ఉద్యోగములనుగూర్చి మాట్లాడమన్నారు. తరువాత కొందరితో, "మీరు ఇప్పటికే ఆలస్యమయ్యారు, అక్కడ మీకొరకు ఎదురుచూస్తున్నారు, త్వరగా వెళ్ళండి" అన్నారు. కొందరితో, "అంతా సిద్ధముగా ఉంది, వెళ్ళండి" అన్నారు. ఇంకా కొందరితో, "ఇంకా కొంచెము సమయమున్నది, మెల్లగా వెళ్ళవచ్చును" అన్నారు.

ఆ రెండు భవనముల మధ్యనున్న సందులో ఒక మనుష్యుడు గుమ్మము దగ్గర తల వాల్చి, కండ్లు మూసికొని పడియున్నాడు. ఎవరైనా దగ్గరకు వస్తే దగ్గుతాడు, మూలుగుతాడు. అతనిని అక్కడ పెట్టినది ఆ పరీక్షకులే. ఎవరు ఆగుతారో చూచుటయే పరీక్ష.

40 మందిలో 16 మంది మాత్రమే ఏదో ఒక విధముగా సహాయము చేశారు. సమయమున్నదని విన్నవారిలో 63 శాతము మంది ఆగారు. మధ్యరకము వారిలో 45 శాతము. ఆలస్యమైనదని విన్నవారిలో 10 శాతము మాత్రమే. మంచి సమరయునిగూర్చి మాట్లాడబోవుచున్నవారు మిగిలినవారికంటె చెప్పుకోదగినంత ఎక్కువగా ఆగలేదు. తొందరలో ఉన్న కొందరైతే ఆ ఉపమానమును చెప్పుటకే వెళ్తూ, పడియున్న మనుష్యుని దాటుకొని అడుగువేశారు.

వారందరు కఠిన హృదయులా? అట్లా చెప్పలేమని ఆ పరిశోధకులే వ్రాశారు. ఆగకుండా వెళ్ళినవారిలో చాలామంది అవతలి భవనము చేరేసరికి కలతపడి కనిపించారట. చెడ్డతనమువలన కాదు, తొందరవలననే వారు దాటిపోయారు. మేము ఈ సంగతి చదివినప్పుడు లూకా సువార్త 10వ అధ్యాయములోని యాజకుడు, లేవీయుడు వేరొక విధముగా కనిపించారు. వారికి కూడ ఎక్కడో ఒక పని ఉండియుండవచ్చును. ఎవరో ఎదురుచూస్తుండవచ్చును. సమరయునికి మాత్రము ప్రయాణము లేదా? అతడును ప్రయాణము చేయుచున్నవాడే. అతడు తన ప్రయాణమును ఆపుకొన్నాడు. గాడిదమీద గాయపడినవానిని ఎక్కించాడంటే, అక్కడినుండి తాను నడిచాడన్నమాట.

మంచి మనస్సు ఉంటే చాలదని ఈ పరీక్ష మనకు నేర్పుచున్నది. మంచి మనస్సుకు కాస్త సమయము కూడ కావలెను. దినమంతయు ఒక్క నిమిషము కూడ మిగలకుండ పనులు పేర్చుకొనినవాడు ఎంత దయగలవాడైనను, దయ చూపుటకు చోటు లేకుండ చేసికొనుచున్నాడు.

దారిలో నిలిచిపోయిన ప్రభువు

మార్కు సువార్త 5వ అధ్యాయము మరల తీసి చదవండి. యాయీరు అనే సమాజమందిరపు అధికారి కుమార్తె చావు బ్రదుకుల మధ్య ఉన్నది. తండ్రి కాళ్ళమీద పడి బ్రతిమాలాడు. ప్రభువు బయలుదేరాడు. ఇంతకంటె తొందరపడవలసిన పని ఏమున్నది? జనసమూహము ఆయనమీద పడుచున్నది. ఆ గుంపులో 12 ఏండ్లుగా రక్తస్రావముతో బాధపడుచున్న ఒక స్త్రీ వెనుకనుండి ఆయన వస్త్రమును ముట్టింది. స్వస్థత దొరికింది. ప్రభువు నడుచుకొని వెళ్ళిపోయినను ఆమె పని జరిగినట్లే గదా.

కాని ఆయన ఆగాడు. ఎవరు ముట్టినదని అడిగి చుట్టు చూచాడు. శిష్యులకు అది అర్థములేని ప్రశ్నగా తోచింది. యాయీరు గుండె ఎట్లా కొట్టుకొని ఉంటుందో ఆలోచించండి. ఆ స్త్రీ వణకుతూ వచ్చి, సంగతి అంతా చెప్పింది. 12 ఏండ్ల బాధను ఒక్క వాక్యములో చెప్పి ఉంటుందా? వైద్యులు, ఖర్చయిన డబ్బు, అపవిత్రురాలని దూరముగా ఉంచినవారు, ఇవన్నీ ఉన్నాయి. ప్రభువు ఆమె చెప్పినదంతా విన్నాడు. శరీరము బాగుపడిన తరువాత ఆమెకు ఇంకను కావలసినది ఒకటున్నది. ఒకరు నిలిచి, ఆమె ముఖము చూచి, ఆమె మాట వినుట. ఆయన దానిని ఇచ్చాడు, "కుమారీ" అని పిలిచాడు.

ఇంతలో బాలిక చనిపోయినదని కబురు వచ్చింది. లోకపు లెక్కలో ఆ ఆలస్యము వలన నష్టము జరిగింది. అయినను ప్రభువు వెళ్ళాడు, 12 ఏండ్ల ఆ బాలికను లేపాడు, ఆమెకు ఏమైనా తినిపెట్టుడని చెప్పాడు. అంత గొప్ప అద్భుతము జరిగినవేళ బిడ్డ ఆకలిని గుర్తుచేసికొన్నవాడు ఆయన ఒక్కడే.

జపాను దేశపు వేదాంతి కోసుకె కోయమ, థాయిలాండు పల్లెలలో మిషనరీగా పనిచేసినవాడు. గంటకు మూడు మైళ్ళు నడిచే దేవుడు అని అర్థమిచ్చు పేరుతో ఆయన ఒక పుస్తకము వ్రాశాడు, అది 1979లో వెలువడింది. మనిషి నడిచే వేగము గంటకు సుమారు మూడు మైళ్ళు, అనగా దాదాపు 5 కిలోమీటర్లు. ప్రేమకు కూడ అదే వేగమని, దేవుడు ప్రేమ గనుక మనుష్యులతో ఆ వేగముతోనే నడుచునని ఆయన భావము. అరణ్యములో 40 ఏండ్లు ఇశ్రాయేలీయులతో నడిచిన దేవుని తలంచినప్పుడు అది నిజమేననిపించును.

తొందరపడవలసిన తొందర

ఇక్కడ ఒక మాట స్పష్టము చేయవలెను. నిదానము అంటే సోమరితనము కాదు. దేవుని వాక్యములో మంచి పరుగులు కూడ ఉన్నాయి. లూకా 15వ అధ్యాయములో తప్పిపోయి వచ్చిన కుమారుని దూరమునుండి చూచి తండ్రి పరుగెత్తాడు. గొల్లలు త్వరగా బేత్లెహేమునకు వెళ్ళారు. అబీగయీలు త్వరపడుటచేత ఒక ఇంటివారందరి ప్రాణములు దక్కాయి. కూలివాని కూలి సూర్యుడు అస్తమించకముందే ఇచ్చివేయవలెనని ద్వితీయోపదేశకాండము ఆజ్ఞాపించుచున్నది. కూలి ఇచ్చుటలో తొందరపడే రైతు ధన్యుడు. 2005 ఆగస్టు 15న మన రాష్ట్రములో మొదలైన 108 అంబులెన్సు ఎంత వేగముగా వస్తే అంత మంచిది.

అయితే భేదము ఎక్కడ ఉన్నది? మనిషివైపు పరుగెత్తుట ఒకటి, మనిషిని దాటి పరుగెత్తుట ఒకటి. రెండు పరుగులకు చెమట ఒకటే. మొదటి పరుగు ఒకరిని కౌగిలించుకొని ఆగుతుంది. రెండవది ఎక్కడను ఆగదు.

ఇంకొక సంగతి. తెల్లవారుజామున వంట ముగించి, పిల్లలకు పెట్టి, ఆటోలో ఇరుక్కొని మిరపకోతకు వెళ్ళే తల్లితో, "అమ్మా, మెల్లగా ఉండండి" అని చెప్పుటకు మాకు నోరు రాదు. ఆమె తొందర ఆమె కోరుకున్నది కాదు. ఆమె పరుగు తగ్గవలెనంటే ఇంట్లో ఉన్న మగవారు బిందె ఎత్తవలెను, పొయ్యి వెలిగించవలెను. కాబట్టి ఈ మాటలు మొదట ఎవరికి తీరిక ఉన్నదో వారికే.

గేదె నేర్పే పాఠము

మన పాఠకులలో పాడి ఉన్నవారు చాలామంది. గేదె చేపకపోతే ఎంతటి బలవంతుడైనా పాలు పితకలేడని మీకు తెలుసు. దూడను వదలవలెను, లేదా గోరువెచ్చని నీళ్ళతో పొదుగు కడిగి మెల్లగా నిమరవలెను. అప్పుడు దాని శరీరములో ఆక్సిటోసిన్ అనే పదార్థము రక్తములో కలిసి పొదుగునకు చేరి, పాలు దిగుతాయి. దానికి ఒక నిమిషమో కొంచెము ఎక్కువో పడుతుంది. ఆ సమయములో అరిచినా కొట్టినా గేదె బెదిరి పాలు ఎగబట్టుతుంది. ఒక్క నిమిషము ఓర్చుకొననివాడు పూట పాలు పోగొట్టుకుంటాడు.

పైరు కూడ అంతే. 1986లో బాపట్లనుండి వచ్చిన సాంబమసూరి చేతికి రావలెనంటే దాదాపు అయిదు నెలలు కావలెను. రోజుకు నాలుగుసార్లు గట్టుమీదికి వెళ్ళి గద్దించినా నాలుగో నెలలో కంకి ముదరదు. ఆవకాయ కలిపిన వెంటనే తినము, మూడో రోజు తిరగకలిపి ఊరనిస్తాము. పశువు దగ్గర, పైరు దగ్గర, జాడీ దగ్గర ఇంత ఓర్పు ఉన్న మనము పిల్లల దగ్గరకు వచ్చేసరికి దానిని ఎందుకు పోగొట్టుకుంటున్నాము?

ఎడ్వర్డ్ ట్రానిక్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు 1970వ దశకములో పసిబిడ్డలతో ఒక పరీక్ష చేశాడు. తల్లి మొదట బిడ్డతో నవ్వుతూ ఆడుతుంది. తరువాత కొద్ది నిమిషములు ఏ భావము లేని ముఖముతో ఊరకే చూస్తుంది. కొట్టదు, తిట్టదు, లేచిపోదు. బిడ్డ మొదట నవ్వి పిలుస్తుంది. చేతులు చాపుతుంది. తల్లి ముఖము కదలకపోతే కలవరపడి, ముఖము తిప్పుకొని, చివరకు ఏడుస్తుంది. తల్లి మరల నవ్వగానే బిడ్డ తేరుకుంటుంది.

ఆ పరీక్ష సెల్‌ఫోను రాకముందుది, ఫోనునుగూర్చినది కాదు. అయినను, ఒడిలో బిడ్డ, చేతిలో ఫోను ఉన్న ముఖము బిడ్డకు ఎట్లా కనిపించునో ప్రతి తల్లి, ప్రతి తండ్రి ఆలోచించవలెను. బడినుండి వచ్చిన పిల్లవాడు, "నాన్నా, ఇవాళ ఏమయిందో తెలుసా?" అంటాడు. "ఊఁ, చెప్పు" అని తెరమీదనుండి కన్ను ఎత్తకుండ అంటే, పిల్లవాడు రెండు మూడు దినములు చెప్పి, తరువాత మానుకుంటాడు. పదిహేనేండ్లు వచ్చాక "మావాడు మాతో ఏమీ చెప్పడండీ" అని తల్లిదండ్రులు వచ్చి ప్రార్థన చేయమంటారు. పిల్లవాడు చెప్పినప్పుడు వినినచెవి ఉంటే ఆ ప్రార్థన సగము అప్పుడే నెరవేరి ఉండేది. ఆ బిడ్డ తేరుకున్నట్లే పెద్ద పిల్లలును తేరుకుంటారు. ఈ దినమైనా ముఖము ఎత్తి చూడండి.

దుఃఖపు ఇంటిలో

ఒక గ్రామములో భర్తను పోగొట్టుకొన్న వృద్ధురాలిని, ఆదరణ కూడిక అయిన కొన్ని వారములకు మేము దర్శించాము. పిల్లలు ఎవరి ఊళ్ళకు వారు వెళ్ళిపోయారు. ఆమె చేట ముందు పెట్టుకొని బియ్యము ఏరుతూ ఇట్లన్నది: "అందరూ వచ్చారండి అయ్యగారూ. కార్లలో వచ్చారు. దండలు వేశారు, ఫోటోలు తీసుకున్నారు, భోజనాలు చేసి వెళ్ళారు. ఎవరినీ తప్పు పట్టను. కాని ఆయన ఆఖరి రాత్రి ఏమన్నారో నన్ను ఒక్కరూ అడగలేదు."

మేము అడిగాము. ఆమె చేట పక్కన పెట్టి చెప్పింది. పెండ్లినాటి సంగతినుండి మొదలుపెట్టింది. మధ్యలో ఏడ్చింది, ఒకసారి నవ్వింది కూడ. ఒక గంట కంటె ఎక్కువ పట్టలేదు. మేము ఆ దినమున ప్రసంగమేమియు చేయలేదు. చివర చిన్న ప్రార్థన చేసి లేచేటప్పుడు, "ఇవాళ్టికి గుండె దిగింది" అన్నది.

యోబు స్నేహితులు ముగ్గురు అతని యొద్దకు వచ్చి, 7 పగళ్ళు 7 రాత్రులు ఒక్క మాట పలుకక నేలమీద కూర్చున్నారు. వారిని నిందించుట మనకు అలవాటు. కాని ఆ వారము దినములు వారు చేసిన పనిలో తప్పు లేదు. నోరు తెరిచి కారణములు చెప్పుట మొదలుపెట్టిన తరువాతనే తప్పులోపడ్డారు. దుఃఖపు ఇంటికి వెళ్ళి ఏమి చెప్పవలెనో తెలియక వెనుకాడేవారికి ఇది ధైర్యము. ఏమీ చెప్పనక్కరలేదు. కూర్చుంటే చాలును.

ఫరో లెక్క, దేవుని లెక్క

నిర్గమకాండము 5వ అధ్యాయములో ఫరో గడ్డి ఇయ్యడము మానివేసి, ఇటుకల లెక్క మాత్రము తగ్గించలేదు. బలి అర్పించుటకు సెలవు అడిగినవారిని సోమరులన్నాడు. అదే జనమునకు 20వ అధ్యాయములో దేవుడు విశ్రాంతి దినమునిచ్చాడు. ఇటుక బట్టీలలో పుట్టి పెరిగినవారికి ఆ మాట ఎట్లా వినబడి ఉంటుందో! ఆ ఆజ్ఞలో కుమారుడు, కుమార్తె, దాసుడు, దాసి, పశువు, పరదేశి వరకు అందరి పేర్లున్నాయి. ద్వితీయోపదేశకాండము 5వ అధ్యాయములో, మీరును ఐగుప్తులో దాసులై యుంటిరి గదా అని కారణము కూడ చెప్పబడినది. ఫరో మనిషిని ఇటుకలతో లెక్కపెట్టాడు. దేవుడు పశువుకు కూడ అలసట ఉన్నదని లెక్కపెట్టాడు.

ఆ జాబితాలో భార్య పేరు లేదని ఎవరైనా అంటే, "నీవు" అన్న మాటలోనే ఆమె ఉన్నదని జవాబు చెప్పండి. మన ఇండ్లలో ఆదివారము ఎవరికి విశ్రాంతి? ఇంటి యజమాని ఆరాధననుండి వచ్చి మంచముమీద వాలుతాడు. ఇంటి ఇల్లాలికి మామూలు దినములకంటె రెండు కూరలు ఎక్కువ. లూకా 10వ అధ్యాయములో మార్త తొందరపడినదని చెప్పే ప్రసంగమును తలలూపుచు విని, ఇంటికి వచ్చి "వంట ఇంకా కాలేదా?" అని అడిగే పురుషులు సంఘములో కొద్దిమంది కారు. మార్త కూడ మరియ పక్కన కూర్చొనవలెనంటే ఇంకొకరు లేచి వంటింటిలోనికి వెళ్ళవలెను.

ఈ నెల ఇంటిలో చేయదగినవి

పెద్ద తీర్మానములు వద్దు. అవి రెండవ వారమునకే చల్లారిపోతాయి. చిన్నవి చెప్పుచున్నాము.

మొదటిది, రాత్రి భోజనమువేళ ఇంటిలోని ఫోనులన్నిటిని ఒక గూటిలో పెట్టండి. పెద్దవారివి మొదట, పిల్లలవి తరువాత. ప్రాణమునకు అత్యవసరమైతే మోగుతుంది, మనకు వినబడుతుంది.

రెండవది, ఒకరి ఇంటికి వెళ్తే కూర్చోండి. గుమ్మములో నిలబడి, "బయలుదేరాలి" అనే మాటతో దర్శనము మొదలుపెట్టవద్దు. పది నిమిషములే ఉన్నా కూర్చున్న పది నిమిషములు వేరు.

మూడవది, యౌవనస్థులకు. 20 కిలోమీటర్ల దారిని 40 వేగముతో వెళ్తే 30 నిమిషములు, 60 వేగముతో వెళ్తే 20 నిమిషములు. మిగిలేది పది నిమిషములు. కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్కల ప్రకారము 2022లో మన దేశములో 1,68,491 మంది రోడ్డు ప్రమాదములలో మరణించారు. వారిలో 71 శాతము కంటె ఎక్కువమంది అతివేగము వలన జరిగిన ప్రమాదములలో చనిపోయినవారు. ఆ పది నిమిషములు కావలెనంటే పది నిమిషములు ముందు బయలుదేరండి. మీ అమ్మ దీపము పెట్టుకొని మేలుకొని ఉంటుంది.

నాలుగవది, దూరదేశములలో, పట్టణములలో ఉన్న బిడ్డలకు. వారమునకు ఒకసారి తల్లిదండ్రులతో మాట్లాడేటప్పుడు వేరే పని చేయవద్దు. "ఏమ్మా, బాగున్నావా, మందులు వేసుకున్నావా, ఉంటాను" అనే పద్ధతి మాని, ఒక ప్రశ్న అడిగి ఊరకుండండి. ఆమె మాట వెదకుకొనేదాకా ఓర్చుకోండి. వయస్సు మళ్ళినవారికి మాట రావడము కొంచెము ఆలస్యము. ఆమె చెప్పదలచినది తరచుగా "సరే, ఉంటాను" అన్న తరువాత వచ్చే మాటలోనే ఉంటుంది.

అయిదవది, వచ్చే ఆదివారము ఇంటి ఇల్లాలికి ఒక పూట పని లేకుండ చేయండి. పప్పుచారు, వేయించిన గుడ్డు చాలును. ఎవరు వండినా ప్రభువు ఆశీర్వదించును.

ఆరవది, సాటి సేవకులకు ఒక మనవి. ఒక సాయంత్రము పది ఇండ్లు దర్శించామని లెక్క వ్రాసికొనుటకంటె, మూడు ఇండ్లలో కూర్చున్నామని వ్రాసికొనుట మేలు. మార్కు 6వ అధ్యాయములో భోజనము చేయుటకైన తీరిక లేని శిష్యులను కొంచెము విశ్రమించుటకు ప్రభువే ఏకాంతమునకు పిలిచాడు. ఆ పిలుపు పనిమానుకొన్న వారికి కాదు, పనిలో అలసినవారికి.

ప్రియులారా, మనము పోయిన తరువాత మన పిల్లలు మనము ఎన్ని పనులు ముగించామో లెక్కపెట్టుకొనరు. మా నాన్న మాతో కూర్చునేవాడు, మా అమ్మ మేము చెప్పేది వినేది అని చెప్పుకొంటారు. ఆ మాట సంపాదించుటకు పొలము అమ్మనక్కరలేదు, పట్నము పోనక్కరలేదు.

ఇక ఈ పత్రిక మూసివేయండి. పక్క గదిలోనో, వసారాలోనో, మంచముమీదనో ఎవరో ఒకరు ఉంటారు. వెళ్ళి దగ్గర కూర్చోండి. దారిలో నిలిచి, అలసిన స్త్రీ మాట చివరివరకు వినిన మన ప్రభువు మీ ఇంటిలోను మీ మధ్య ఉండును గాక. ఆమేన్.